ఎడమ ఛానెల్

“రెండుసార్లు పిలిచాను,” అన్నాడు మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి.

కుళాయి కట్టేసి అటు తిరిగాను. చేతుల నిండా సబ్బు నురగ. అతని ముఖంలో కోపం లేదు. అతనికి కోపం రావడం ఎవరూ చూడలేదు. గొంతు పెంచడు, గిన్నె విసరడు, తలుపు దబాలున వెయ్యడు. పెద్ద కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళకి మర్యాదగా మాట్లాడడం ఎలాగో నేర్పే ఉద్యోగం అతనిది. పక్కింటావిడ నన్ను చూసినప్పుడల్లా ‘నీకేంటమ్మా, వెన్నలాంటి మనిషి దొరికాడు’ అంటుంది.

“వినపడలేదండీ. నీళ్ళ చప్పుడు.”

“ఈ మధ్య నీకు అన్నిటికీ నీళ్ళ చప్పుడే అడ్డమొస్తోంది,” అని నవ్వి, గుండీ ఊడిన చొక్కా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ నవ్వులో ఏముందా అని వెతుక్కుంటూ గుండీ కుట్టాను. రెండుసార్లు వేలికి సూది దిగింది.

వంట, ఉతుకు, ఊడుపు నలుగురికీ కనిపించే పనులు. ఎవరికీ కనిపించని పని ఇంకొకటి పొద్దస్తమానం చేస్తూ ఉంటాను. వింటూ ఉంటాను. అతను మెట్లెక్కే తీరు, తాళంచెవి ఒక్క తిప్పుకి తిరిగిందా లేక మళ్ళీ గుచ్చాడా, బూట్లు విప్పి వరసలో పెట్టాడా కాలితో నెట్టాడా, సంచీ కుర్చీలో పెట్టిన చప్పుడా పడేసిన చప్పుడా. ఇవన్నీ కూడుకుని, అతను హాల్లోంచి వంటింటిదాకా వచ్చేలోపల నా ముఖం ఎలా ఉండాలో, టీ ఇప్పుడే ఇవ్వాలో కాసేపు ఆగాలో, మా అమ్మ ఫోన్ చేసిందన్న సంగతి చెప్పచ్చో చెప్పకూడదో తేల్చుకోవాలి. పెళ్ళైన కొత్తలో ఇలా ఉండేదాన్ని కాదు. ఆ ఒక్కసారి తర్వాత మొదలైంది.

ఒక్కసారే. అతను కూడా అదే అంటాడు, ‘ఒక్కసారేగా’ అని. వానలు మొదలవకముందు అతని పై అధికారి, ఆఫీసువాళ్ళు మరో ఇద్దరు మా ఇంటికి భోజనానికి వచ్చారు. కొత్తగా కొన్న స్పీకర్ల గురించి వాళ్ళకి గొప్పగా చెప్పి, పాట పెట్టాడు. పాడే ఆవిడ గొంతు ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టుంది. పెళ్ళికి ముందు నేను ఆంప్లిఫయర్లు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేసినదాన్ని. చెవి ఊరుకోలేదు, చెవితో పాటు నోరూ ఊరుకోలేదు. ‘ఒక స్పీకరుకి వైర్లు తారుమారయ్యాయండీ’ అని లేచి వెళ్ళి మార్చాను. పాట ఒక్కసారిగా గది మధ్యలోకి వచ్చి నిలబడింది. పై అధికారి చప్పట్లు కొట్టి, ‘అయితే ఇంట్లో అసలు ఇంజినీరు ఈవిడన్నమాట!’ అని నవ్వాడు. అందరితో పాటు అతనూ నవ్వాడు. వాళ్ళని గేటుదాకా సాగనంపి వచ్చి, కప్పులు కడుగుతున్న నా దగ్గరికి తీరిగ్గా నడిచొచ్చి, ఏంటన్నట్టు నేను అటు తిరగ్గానే కొట్టాడు. మొత్తం అరచెయ్యి. తర్వాత చెయ్యి చాపి కుళాయి కట్టేశాడు, నీళ్ళు వృథాగా పోతున్నాయని.

మర్నాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. వాచీ కొనుక్కొచ్చి స్వయంగా నా చేతికి పెట్టాడు. అతను కొట్టినప్పుడు అత్తయ్య పక్కగదిలోనే ఉంది. ఆవిడ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆ గుండీ కుట్టిన పొద్దుటే మా మరిది పాత గేమ్ పెట్టె ఒకటి తెచ్చాడు. అతనికి పాతకాలం వీడియో గేముల పిచ్చి. ఎక్కడెక్కడివో కొని తెచ్చి, బాగుచేయించి, వాటి మీద మోజున్నవాళ్ళకి అమ్ముతాడు. బాగుచేయించడమంటే నా చేతే. ‘వదినా, నీ చేతిలో ఏదో మహత్తుంది’ అంటాడు. ఆ పొగడ్తే నాకు కూలి. ఇన్నాళ్ళూ విరిగిన బటన్లూ వదులైన సాకెట్లూ తెచ్చేవాడు. ఈసారి పని వేరు.

“దీన్ని టీవీకి తగిలిస్తే రెండువైపులా ఒకటే సౌండు వదినా. పైగా వెనకాల బుస్సుమని హోరు. లోపలి చిప్ మాత్రం స్టీరియోనేనట. ఆ సౌండు బయటికి తియ్యాలి. నువ్వైతే ఆడుతూ పాడుతూ చేసేస్తావు.”

“చేస్తుందిలే. పగలంతా ఖాళీయేగా,” అన్నాడు మా ఆయన పేపరు చూస్తూ.

మధ్యాహ్నం అత్తయ్య నడుం వాల్చాక, భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి పెట్టె విప్పాను. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కి ఆ వాసన రాగానే ప్రాణం లేచొచ్చింది. చేతులకి అన్నీ గుర్తున్నాయి. అతను వచ్చేలోపల బల్ల ఎప్పటిలా తుడిచి పెట్టెయ్యాలని లోపల ఒక పక్క దడగా ఉన్నా, ఇంకో పక్క చాలా కాలానికి నా ఇంటికి నేను వచ్చినట్టుంది.

పని చెప్పుకుంటే పెద్దదేం కాదు. శబ్దాన్ని పుట్టించే చిప్ మంచిదే. కుడికొకటి, ఎడమకొకటి, రెండు దారుల్లో శుభ్రంగానే పంపుతుంది. దాని తర్వాత ఉన్న నాసిరకం ఆంప్లిఫయరే ఆ రెండిటినీ నలిపి, హోరు కలిపి, ఒకే ముద్ద చేసి టీవీ వైపు తోస్తుంది. అక్కడిదాకా పోనివ్వకుండా చిప్ కాళ్ళ దగ్గరే శబ్దాన్ని అందుకోవాలి. వెంట్రుకంత వైర్లు రెండు అక్కడ అతికించాను. వాటిని చిటికెనవేలంత కొత్త ఆంప్లిఫయర్ బోర్డుకి కలిపాను. పెట్టె వెనక రంధ్రం చేసి సాకెట్టు బిగించాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని స్విచ్చు వేశాను.

కుడి చెవిలో పాట మొదలైంది. చిన్నప్పుడు వీధి చివర గేముల దుకాణం బయట నిలబడి విన్న పాటే, ఇంత తేటగా ఉంటుందని మాత్రం ఎప్పుడూ తెలియదు. హోరు చుక్క కూడా లేదు.

ఎడమవైపు ఏమీ లేదు.

అతుకు సరిగ్గా పడలేదనుకున్నాను. కరిగించి మళ్ళీ వేశాను. లేదు. మీటరు పెట్టి చూశాను, వైరు తెగలేదు. కెపాసిటర్ మార్చాను. సాకెట్టు విప్పి ఇంకోటి వేశాను. లేదు. చిప్ కాలు కాల్చేశానేమోనన్న అనుమానం వచ్చింది. అలాంటి చిప్పులు ఇప్పుడెవరూ తయారుచెయ్యరు. పోతే పోయినట్టే. అప్పుడే మరిది ఫోన్ చేశాడు.

“అయిందా వదినా? కొనే పార్టీ సాయంత్రం వచ్చి తీసుకెళ్తానన్నాడు.”

“ఎడమవైపు రావట్లేదు. చూస్తున్నాను.”

“జాగ్రత్త వదినా. అలాంటి పీసు మళ్ళీ దొరకదు. నీ వల్ల కాదనుకుంటే చెప్పు, అన్నయ్యతో మాట్లాడి బయట ఎవరికైనా చూపిస్తాను.”

“వద్దు వద్దు. అన్నయ్యకి చెప్పకు. నేను చేసేస్తాను.”

ఫోన్ పెట్టేసి మళ్ళీ మీటరు అందుకున్నాను. ‘తమ్ముడి ముందు తల తీసేసినంత పనిచేశావు’ అంటాడు మా ఆయన. మెత్తగా, నవ్వుతూ అంటాడు. ఆ తర్వాత నా దగ్గరికి నడిచొస్తాడు.

వర్క్‌షాపులో మా మేస్త్రీ నేర్పిన పద్ధతి ఒకటుంది. ఒకవైపు శబ్దం రాకపోతే కుడి వైరు తీసి ఎడమకి, ఎడమది తీసి కుడికి తగిలించాలి. తప్పు వైరులో ఉంటే వైరుతో పాటు అటు మారుతుంది. మార్చాను. ఇందాక రాలేదనుకున్న ఎడమ శబ్దం కుడి చెవిలో గణగణా మోగింది. ఎడమవైపు మాత్రం అదే నిశ్శబ్దం. తప్పు కదల్లేదు. అంటే పెట్టెలో లోపం లేదు. హెడ్‌ఫోన్స్‌లో ఉండాలి.

అది తేల్చుకోవడం క్షణం పని. హెడ్‌ఫోన్స్ తిప్పి పెట్టుకుంటే చాలు. చేతులు ఎత్తాను, తిప్పలేకపోయాను. ఎందుకు భయం వేసిందో చెప్పలేను. ఫోను ఎప్పటినుంచో కుడి చెవికే పెట్టుకుంటున్నానన్న సంగతి అప్పుడు తోచింది. మొన్న రోడ్డు మీద స్కూటరువాడు ఎడమవైపు నుంచి మోచేతిని రాసుకుంటూ పోయి, ‘హారన్ వినపడదా?’ అని తిట్టిపోవడం గుర్తొచ్చింది. పొద్దుట కుళాయి దగ్గర నిలబడ్డప్పుడు గుమ్మం నాకు ఎడమవైపున ఉంది. తెలియక కాదు, ఇన్నాళ్ళూ నేనే తెలుసుకోకుండా తప్పించుకు తిరుగుతున్నాను.

అత్తయ్య లేచి మంచినీళ్ళ కోసం వచ్చింది.

“అత్తయ్యా, ఒక్కసారి ఇది పెట్టుకుంటారా?”

“నాకెందుకే ఆ డిప్పలు?” అంటూనే కళ్ళజోడు తీసి కూర్చుంది. నేనే సర్ది పెట్టాను. ఆవిడ ముఖం చిన్నపిల్ల ముఖంలా అయిపోయింది. “అబ్బో! లోపల ఎవరో గజ్జెలు కట్టుకుని గెంతుతున్నట్టుందే!”

“రెండువైపులా వస్తోందా?”

“ఒకవైపే,” అంది కుడి చెవి మీద చెయ్యి పెట్టుకుని.

“ఎడమవైపు?”

“ఊహూఁ.”

హమ్మయ్య అనుకుని కుర్చీలో కూలబడ్డాను. నవ్వొచ్చింది. హెడ్‌ఫోన్సే పాడయ్యాయి. పాతవి, చవకవి, పోతే పోయాయి. గుండెల మీంచి బండ దింపినట్టయి, ఏదేదో వాగుతున్నాను, కొత్తవి తెప్పించాలనీ, ఈ మాయదారి వస్తువు నమ్ముకుని మధ్యాహ్నమంతా చచ్చాననీ.

అత్తయ్య నన్నే చూస్తోంది. నెమ్మదిగా వాటిని తల మీంచి తీసింది.

“దీని తప్పేం లేదు అమ్మాయ్,” అంది. “నాకా చెవి వినపడదు.”

“ఏంటి?”

“ఎడమ చెవి. పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు పోయింది.”

పెద్దాడంటే మా ఆయన.

“జ్వరం తగిలి పోయిందని చెప్పేదాన్ని. మా అమ్మకీ అదే చెప్పాను. చెప్పగా చెప్పగా నాకే జ్వరం వచ్చినట్టు గుర్తుండిపోయింది. ఎంత ఒళ్ళు కాలిందో, ఎవరు తడిగుడ్డ వేశారో కూడా చెప్పేదాన్ని.” ఆవిడ తన కుడిచేతిని బల్ల మీద వెల్లకిలా పెట్టి చూసుకుంది. “మీ మామగారిది ఇంతకి రెండింతలుండేది.”

నేను హెడ్‌ఫోన్స్ తీసుకున్నాను. తిప్పి పెట్టుకున్నాను. ఇందాక చచ్చిపోయిందనుకున్న ఎడమ డిప్ప నా కుడి చెవిలో హాయిగా పాడుతోంది. అప్పటిదాకా పాడిన కుడి డిప్ప ఎడమ చెవి దగ్గరికి రాగానే మూగబోయింది. పెట్టెలో లోపం లేదు, వైర్లలో లేదు, హెడ్‌ఫోన్స్‌లో లేదు. ఈ ఇంట్లో నన్ను కాపాడుకోవడానికి నాకున్నది వినికిడి ఒక్కటే. అందులో సగం ఎప్పుడో పోయింది. మిగతా సగంతో కాపలా కాస్తూ, ఇంకా అన్నీ వినపడుతున్నాయనుకుంటున్నాను.

“మీకు తెలుసా అత్తయ్యా? నా సంగతి?”

“నువ్వు ఫోను చెవి మార్చుకున్న రోజే తెలిసింది.”

“మరి చెప్పలేదేం?”

“చెబితే ఏం చేద్దువు?”

ఆవిడ అడిగిన తీరులో వెటకారం లేదు. నిజంగానే అడిగింది. కుర్చీ లాక్కుని సరిగ్గా నాకెదురుగా జరిగింది. పక్కపక్కన కూర్చుంటే మా ఇద్దరిలో ఎవరో ఒకరికి వినపడదు. కొత్త కోడలికి ఇంటి మర్యాదలు నేర్పినట్టు చెప్పడం మొదలుపెట్టింది.

“సోఫాలో ఎడమ కొసన కూర్చో, జనమంతా నీకు కుడివైపే ఉంటారు. రోడ్డు దాటేటప్పుడు తల మొత్తం తిప్పి చూడు. నలుగురూ నవ్వితే నువ్వూ నవ్వు, ఎందుకని అడక్కు. గోడకి ఎడమవైపు ఆనించి పడుకో. వాడు మాట్లాడుతుంటే చేతిలో పని ఆపేసి ముఖంలోకి చూడు. ‘ఏంటీ’ అని రెండోసారి మాత్రం అడక్కు. వాళ్ళ నాన్నకీ అదే నచ్చేది కాదు.” కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, “అలవాటవుతుంది,” అంది. “నాకు అలవాటు కాలేదూ?”

ఆవిడ చేతులు నా చేతుల్ని పట్టుకున్నాయి. అంత ప్రేమగా ఆవిడ నన్నెప్పుడూ పట్టుకోలేదు. ఆ ప్రేమకే ఒళ్ళు జలదరించింది. ఆవిడ నాకు దారి చూపిస్తోంది. ఆ దారి చివర ఆవిడే కూర్చుని ఉంది.

మా ఆయన ఎప్పుడొచ్చాడో తెలియదు. అత్తయ్య చూపు నా భుజం మీదుగా పైకి లేచి అక్కడే ఆగిపోయింది. తల తిప్పాను. ఎడమవైపు, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో నిలబడి ఉన్నాడు. మెట్లు, తాళంచెవి, బూట్లు, ఏదీ వినపడలేదు.

“ఏంటి, అత్తాకోడళ్ళ మంతనాలు?”

అత్తయ్యే అంది, బియ్యంలో రాయి ఏరినంత జాగ్రత్తగా మాట ఏరుకుని, “అమ్మాయికి చెవి బాగోలేదురా. డాక్టరుకి చూపించాలి.”

“ఏ చెవి?”

“ఎడమది,” అన్నాను.

సంచీ నెమ్మదిగా, చప్పుడు లేకుండా కింద పెట్టాడు. నా పక్కన గొంతుక్కూర్చుని, చెవి మీద పడ్డ జుట్టుని రెండు వేళ్ళతో వెనక్కి సర్దాడు. ఆ చెవిలో ఏదో అన్నాడు. అతని ఊపిరి వెచ్చగా తగలడం తప్ప నాకేమీ తెలియలేదు. అన్నాక ముందుకి వచ్చి నా ముఖంలోకి చూశాడు. పరీక్షిస్తున్నాడు. నాకు నిజంగానే వినపడలేదని అర్థమయ్యాక లేచి నిలబడి చొక్కా చేతులు మడుచుకున్నాడు.

“రేపు సెలవు పెడతాను. నేనే తీసుకెళ్తాను.”

ఆ సాయంత్రం మరిది వచ్చి పెట్టె పట్టుకెళ్ళాడు. ‘అదిరిపోయింది వదినా, రెండువైపులా! ఊరికే కంగారుపెట్టేశావు’ అన్నాడు. మా ఆయన నా చెవిలో ఏమన్నాడో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఈ రోజుకీ తెలియదు.

మర్నాడు బయల్దేరుతుంటే అత్తయ్య నా కుడివైపుకి వచ్చి, చెప్పులు సర్దుతున్నట్టు వంగి, “నేను జ్వరమని చెప్పాను,” అంది అతనికి వినపడకుండా. అలాగే చెప్పమందో, చెప్పొద్దందో ఆవిడ ముఖం చూస్తే తెలియలేదు.

కారులో అతనే మాట్లాడాడు. “చిన్నప్పటినుంచీ ఉందని చెబుదాం. జలుబు చేసినప్పుడల్లా చీము కారేదని. నువ్వు కంగారుపడతావు, నేను చెబుతాలే.” సిగ్నల్ దగ్గర నా చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. “ఇల్లంటే అన్నీ ఉంటాయి. బయటివాళ్ళకి చిన్న విషయం కూడా పెద్దగా కనిపిస్తుంది. కదా?”

కదా అన్నాను.

డాక్టరు పెద్దాయన. చెవిలో దీపం వేసి చూసి, ఎప్పుడు మొదలైందన్నాడు. మా ఆయన చెప్పాడు. నొప్పి ఉండేదా అన్నాడు. దానికీ మా ఆయనే చెప్పాడు. ఎంత వివరంగా చెప్పాడంటే, నేను పుట్టి పెరిగిన ఇంట్లో నా చెవిలో మందు వేస్తూ తనే కూర్చున్నట్టు చెప్పాడు. నేను డాక్టరు బల్ల మీద ఉన్న ప్లాస్టిక్ చెవి బొమ్మని చూస్తూ ఉండిపోయాను. “పరీక్ష చేయించుకు రండి,” అన్నాడు ఆయన.

పరీక్ష గది తలుపు జానెడు మందం ఉంది. మధ్యలో చిన్న అద్దం. పరీక్ష చేసే అమ్మాయికి నాకంటే చాలా చిన్న వయసు. అతను నాతో లోపలికి రాబోతే ఆపింది.

“ఒక్కళ్ళే రావాలండీ.”

“తనకి కొంచెం భయం. నేను పక్కన కూర్చుంటాను, చప్పుడు చెయ్యను.”

“ఊపిరి చప్పుడు కూడా పనికిరాదండీ,” అని లోపలినుంచి తలుపు వేసేసింది. బయటి ప్రపంచమంతా తుడిచేసినట్టయింది. అద్దంలోంచి అతని ముఖం కనిపిస్తోంది. ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని, నావైపే చూస్తున్నాడు.

కూ అని వినపడ్డప్పుడల్లా బటన్ నొక్కమంది. కుడివైపు నొక్కుతూనే ఉన్నాను. తర్వాత చాలాసేపు నొక్కడానికేమీ రాలేదు. ఆ అమ్మాయి ఇంకా పెంచుతోంది, ఇంకా. చివరికి హెడ్‌ఫోన్స్ తీసి, స్టూలు లాక్కుని నా ముందు కూర్చుంది.

“చిన్నప్పటినుంచీ అని రాశారు డాక్టరుగారు. కానీ నేను ఎడమవైపు నుంచి పిలిస్తే మీరింకా ఎడమ చెవే పెడుతున్నారు. అలవాటైపోయినవాళ్ళు అలా చెయ్యరు.” స్టూలు ఇంకాస్త ముందుకి జరిపింది. “ఎలా జరిగిందండీ?”

జ్వరం అన్న మాట నాలుక మీదికి వచ్చి కూర్చుంది. తయారుగా ఉన్న మాట, ఒక ఇంట్లో ఒక జీవితకాలం పనిచేసిన మాట. అద్దం వైపు చూశాను. అతని కళ్ళు నా మీంచి కదల్లేదు. నేను ఏడిస్తే కనిపిస్తుంది. ముఖం మారితే కనిపిస్తుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని, కూరగాయల ధర చెబుతున్నంత మామూలుగా ముఖం పెట్టి చెప్పాను.

“మా ఆయన కొట్టాడు.”

ఆ అమ్మాయి తల తిప్పి అద్దం వైపు చూడబోయి ఆగిపోయింది. తెలివైన పిల్ల. చేతిలోకి ఏదో వైరు తీసుకుని, దాన్ని సవరిస్తున్నట్టు నటిస్తూ, గొంతు తగ్గించి అడిగింది. ఆ గదిలో తగ్గించాల్సిన అవసరం లేకపోయినా తగ్గించింది.

“ఇప్పుడు ఆయనతో ఇంటికెళ్తారా? వెళ్ళనంటే వెనకవైపు ఇంకో తలుపుంది. మా మేడమ్ అక్కడే ఉంటారు, నేను మాట్లాడతాను. మీరే చెప్పాలి.”

అద్దంలోంచి అతను కనుబొమలెత్తి, ఎలా జరుగుతోంది అన్నట్టు సైగ చేశాడు. నేను అతని ముఖంలోకే చూస్తూ నోరు విప్పాను.

“వెళ్ళను,” అన్నాను.

అద్దం అవతల అతను, పరీక్ష సవ్యంగానే సాగుతోందనుకుని, నవ్వి తలూపాడు.